అమ్మ తనిఖీ చేసిన తూటాలు

హార్లన్ దగ్గర ఒక ఆకుపచ్చ రేకు డబ్బా ఉండేది. అంచులన్నీ అతికి మూసిన సైనిక డబ్బా. లోపల 1943లో తయారైన రైఫిల్ తూటాలు. నలభై ఏళ్ల కిందట, సైన్యం వదిలించుకున్న సామాన్లు అమ్మే కొట్లో దొరికింది. దాని మీద ఫ్యాక్టరీ గుర్తు చూడగానే బేరమైనా ఆడకుండా తెచ్చేసుకున్నాడు. యుద్ధకాలంలో వాళ్లమ్మ తోరా ఆ ఫ్యాక్టరీలోనే, తూటాలను తనిఖీ చేసే బల్ల దగ్గర పనిచేసింది.

మినసోటాలోని మా ఊరి షూటింగ్ క్లబ్బులో కాల్పుల రేంజి బాధ్యత నాది. ప్రతి వేసవిలోనూ హార్లన్ ఆ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. అందరూ చూసేవాళ్లు. సాయంత్రం మళ్లీ ట్రక్కులో పెట్టుకుని వెళ్లిపోయేవాడు.

"సీలు విప్పనివి ఇప్పుడెక్కడున్నాయి? కాల్చేస్తే మిగిలేది పొగే" అనేవాడు. పాత తూటాలు సేకరించే వెండెల్ తల ఊపేవాడు.

నిరుడు జూలైలో హార్లన్ తన అక్క ఆర్డిస్‌ను వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడకు ఎనభై ఆరేళ్లు. డబ్బాను చేతికర్రతో తట్టి చూసింది.

"దీన్నింకా విప్పలేదట్రా?"

"విప్పితే విలువ పోతుందక్కా."

"అమ్మ చేసిన జామ్ సీసాల్ని మాత్రం ఒక్క వారం ఆగనిచ్చేవాడివి కాదుగా!"

మేమంతా నవ్వాం. హార్లన్ నవ్వలేదు. ఆవిడ గొంతు తగ్గించింది.

"నిజం చెప్పు. దేనికి భయం?"

హార్లన్ టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. "పేలకపోతేనో? తన బల్ల దాటి ఒక్క చెడ్డ తూటా పోలేదని అమ్మ బతికినన్నాళ్లూ చెప్పుకుంది. ఇప్పుడది టిక్‌మని ఊరుకుంటే నేను తట్టుకోలేనక్కా."

నలభై ఏళ్లుగా అతను చెప్పిన విలువ లెక్క వెనక ఇదుందని మాకెవరికీ తెలియదు.

"పేలకపోతే ఆ తప్పు ఎనభై ఏళ్లది, అమ్మది కాదు. తియ్యి" అంది ఆర్డిస్.

హార్లనే స్వయంగా రేకు కోశాడు. లోపల గుడ్డ సంచులు, వాటిలో ఐదేసి తూటాలు, నిన్న తోమినట్టు మెరుస్తున్న ఇత్తడి. పగుళ్లు, సొట్టలు ఉన్నాయేమోనని నేనూ వెండెల్ ఒక్కొక్కటే తిప్పి చూశాం. ఆర్డిస్ ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"పనినుంచి వచ్చి నా జడ వేసేటప్పుడు అమ్మ చేతులు ఇదే వాసన వేసేవి" అంది.

హార్లన్ పాత సైనిక రైఫిల్ తీసుకుని కూర్చున్నాడు. మొదటిది ధన్‌మని పేలింది. దూరాన గురిగా పెట్టిన ఇనుప పలక ఖంగుమంది. రెండోది, మూడోది కూడా అంతే. నాలుగోదానికి టిక్‌మంది.

"కదలకు హార్లన్! గొట్టం పలకవైపే..." నా మాట పూర్తికాకముందే అదీ పేలింది.

"చర్చికి కూడా అమ్మ ఇలాగే వచ్చేది! ఆలస్యంగా, తలుపు ధడాలుమనిపిస్తూ!" అని అరిచింది ఆర్డిస్.

హార్లన్ రైఫిల్ కింద పెట్టి, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. అతనలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. నేను రైఫిల్ బోల్టు, ఖాళీ గుల్ల పరీక్షించాను. టిక్‌మంటే నిమిషంపాటు ఎవరూ కదలకూడదని మరోసారి గట్టిగా చెప్పాను. ఐదోది నిక్షేపంలా పేలింది.

"లోయిస్, నాకూ ఇవ్వమ్మా" అంది ఆర్డిస్ నాతో.

భుజానికి దిండు కట్టి, పక్కన నిలబడి కాల్పించాను. రెండు గడ్డిలోకి పోయాయి. మూడు పలకకు తగిలాయి. తగిలిన ప్రతిసారీ ఆవిడ తమ్ముడి వీపు మీద చరిచింది.

తర్వాత ఆ తూటాల సంగతి తేల్చుకోవడానికి అక్కాతమ్ముళ్లకు ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఒక సంచి వెండెల్ సేకరణలో, అమ్మ పేరు రాసిన చీటీతో భద్రంగా ఉంటుంది. మిగిలినవి ఏటా జూలైలో కాలుస్తారు.

పాత తూటాల మందులోని ఉప్పు రైఫిల్ గొట్టాన్ని తుప్పు పట్టిస్తుంది గనక హార్లన్ వేడి సబ్బునీళ్లు పోసి కడుగుతుంటే, ఆర్డిస్ పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన 'పై' ముక్క తింటూ క్లబ్బు సభ్యత్వం ఫారం నింపింది. వృత్తి దగ్గర 'రిటైరైన పియానో టీచరు' అని రాసింది. అనుభవం దగ్గర కాసేపు ఆలోచించి, 'ఐదింట మూడు' అని రాసి నాకిచ్చింది.