మల్కాంతి ఇంటి దానం

తాడు పేనేటప్పుడు సందమాలి వెనక్కి నడిచేది. ఆ పనే అంత. అత్త లీసోహామి చూరు నీడలో కూర్చుని రాట్నం తిప్పుతుంది. కోడలు నడుముకు చుట్టుకున్న కొబ్బరిపీచును వేళ్ళ సందున కొంచెం కొంచెంగా వదులుతూ వెనక్కి వెనక్కి పోతుంది. ఇద్దరి మధ్యా తాడు పెరుగుతూ ఉంటుంది. వీపు సముద్రం వైపు ఉంటుంది కాబట్టి అలలు వినపడతాయి గాని కనపడవు. మొగుడు ఉపసేన వెళ్ళాక ఆమెకు ఈ పని మరింత నచ్చింది, అందుకే.

అతనెక్కిన పడవ వానలకు ముందు లోతు సముద్రంలో చేపల వేటకు పోయింది. దానితో పాటు బయల్దేరిన పడవలన్నీ తిరిగొచ్చాయి. అది రాలేదు. అందులో పోయిన మిగతావాళ్ళ ఇళ్ళల్లో భిక్షువులను పిలిచి భోజనం పెట్టి, పోయినవాళ్ళ పేరున దానం ఇచ్చేశారు. సందమాలి ఒప్పుకోలేదు. దానం ఇవ్వడమంటే పుణ్యం ధారపోసే గుర్తుగా గిన్నెలోకి నీళ్ళు వంచుతూ అతని పేరును చచ్చినవాళ్ళ పేర్ల పక్కన కూర్చోబెట్టడం. అతను ఏ దీవిలోనో, ఏ పరాయి దేశపు జైల్లోనో ఊపిరితో ఉంటే? ఇక్కడ తన చేత్తోనే తాడు కోసేసినట్టు కాదూ?

అందుకని రోజూ అతని వాటా కూడా వండి, పళ్ళెం మీద అరటాకు మూసి పెట్టేది. తెల్లారి ఆ చద్దన్నం అత్త తినేది. అన్నం పారెయ్యగలిగే రోజులు కావవి. దేశంలో గ్యాసు లేదు, కిరసనాయిలు లేదు. డీజిల్ దొరక్క పడవలన్నీ రేవులో కట్టిన గొడ్లలా తలలు ఊపుతూ నిలబడ్డాయి. ఒక్కోసారి సందమాలికి భయం వేసేది. తను ఎదురుచూస్తున్నది నిజంగా మనిషి కోసమేనా, లేక ఎదురుచూడటమే అలవాటైపోయిందా? ముఖం తలచుకుంటే ముందు అతని తడి లుంగీ వాసన వచ్చేది. ముఖం ఆ తర్వాతెప్పుడో, మసకగా.

అత్త తీరు మాత్రం ఆమెకు అంతుపట్టేది కాదు. ఊళ్ళో ఎవరింట దానం జరిగినా పుణ్యకార్యాలకు దాచుకున్న తెల్లబట్టలు కట్టుకుని బయల్దేరేది. ఒకరోజు కుళాయి దగ్గర పొరుగింటి సీలవతి అననే అంది.

"మీ అత్తకి రోజూ పండగేనే సందమాలీ. ఎక్కడ పొగ లేస్తే అక్కడ ప్రత్యక్షం."

ఇంటికొచ్చి బిందె దింపకుండానే సందమాలి అందుకుంది. "నేను తిండి పెట్టట్లేదని ఊరంతా చాటింపు వేస్తున్నావా అత్తా? సీలవతి చేత మాట పడ్డాను."

లీసోహామి రాట్నం ఆపింది. "నేనక్కడ మెతుకు ముట్టనే. నా వాటా కూడా ఆ సీలవతి డబ్బాలోకే పోతుంది, వెళ్ళి మూత తీసి చూడు."

"మరెందుకు పోవడం?"

"మనింట్లో నువ్వు ఇవ్వనివ్వవుగా. విహారంలో పెద్ద స్వామి చెప్పలేదూ, ఇచ్చినవాడికెంత పుణ్యమో, చూసి సంతోషపడి 'సాధు, మంచి పని' అన్నవాడికీ అంతేనని? వాళ్ళ సంతోషంలోంచి గుప్పెడు తెచ్చుకుని వాడికి పంపుతున్నాను."

"చచ్చినవాళ్ళకి పంపినట్టా?"

"చచ్చాడని నేనన్నానా? సముద్రం మీదున్న నా బిడ్డకి, అంటాను. ఎక్కడుంటే అక్కడికి చేరుతుంది." ముసలిది ఒళ్ళోని పీచు చిక్కు విప్పసాగింది. "అయితే ఉత్త నోటితో అంటే పోదే అమ్మాయ్. లోపల నిజంగా సంతోషం పుట్టాలి. మొదట్లో నాకూ పుట్టలేదు. ఎవరి కొడుకో స్వాముల కాళ్ళు కడుగుతుంటే నా కడుపులో నిప్పులు పోసినట్టుండేది. అలాంటి రోజు నోరు మూసుకుని వచ్చేసేదాన్ని. ఆ రోజు వాడికి పస్తే."

సందమాలి బిందె దింపింది.

అలా ఉండగా, అదే ఊళ్ళోని మల్కాంతి మొగుడు సిరిపాల సముద్రం మీంచి తిరిగొచ్చాడు. అతని పడవ వేరే, ఉపసేన వాళ్ళ తర్వాత పోయింది. ఇంజను చెడి ఎక్కడికో కొట్టుకుపోయిందట. ఊరంతా ఆశ వదులుకున్నాక ఏదో సరుకుల ఓడ వాళ్ళను ఎక్కించుకుంది. కబురు వినగానే సందమాలిలో మొదట పుట్టిన మాట "ఇతనే ఎందుకు?" అన్నది. ఆ మాటను ఆమె స్పష్టంగా చూసింది, గదిలో దూరిన పామును చూసినట్టు. చూసినంత మాత్రాన అది పోలేదు. దాని వెనకే ఆశ లేచింది. ఒకడు వస్తే ఇంకొకడు రాకూడదా? ఆ ఆశ అసూయ కన్నా ఎక్కువ కరిచింది.

మల్కాంతి భిక్షువులను పిలిచి దానం పెట్టుకుంది. ఆ ఉదయానికి లీసోహామి కాలు వాచి, చాప మీంచి లేవలేకపోయింది.

"నువ్వెళ్ళవే."

"నావల్ల కాదత్తా."

"ఇంత పెద్ద సంతోషం ఈ ఊళ్ళో మళ్ళీ ఎప్పుడు పుడుతుంది? పోయినవాడు తిరిగొచ్చిన ఇల్లది. అక్కణ్ణించి పంపితే నా బిడ్డకి ఎంత చేరుతుందో ఆలోచించు." ఆమె కోడలి చెయ్యి పట్టుకుంది. "సంతోషం రాకపోతే సాధు అనొద్దు. మంటతో మాత్రం పంపకు. వాడికి అక్కడ ఎండ చాలు."

తెల్లబట్టలు కట్టుకుని వెళ్ళి సందమాలి గుమ్మం పక్కన, అందరికన్నా వెనక కూర్చుంది. భిక్షువులు గోడవారగా వరసగా కూర్చుని భోంచేశారు. పాలన్నం, పనసకాయ కూర, ఎక్కడ దొరికిందో ఒక చేప కూడా. సిరిపాల ముందు చాప మీద ఉన్నాడు. పెదాలు పగిలి, కళ్ళు లోపలికి పోయి, చొక్కా ఇంకెవరిదో తొడుక్కున్నట్టుంది. అతని భుజాన్ని మల్కాంతి ఊరికే తాకుతోంది, దుమ్ము దులుపుతున్నట్టు. సందమాలి అది చూడకూడదనుకుని నేల చూసింది. నేల మీదా అదే కనపడింది. నా చెయ్యి ఏ భుజం మీద పెట్టుకోను?

భోజనాలయ్యాక నీళ్ళు వంచే వేళ వచ్చింది. పళ్ళెంలో చిన్న గిన్నె, దాని మీదికి చెంబు. చెంబు మీద ఇంటిల్లిపాదీ చేతులు వేశారు. అందరి చేతుల కిందా సిరిపాల చెయ్యి. చెంబు పక్కకు ఒరిగి, మొదటి ధార గిన్నెలో కాక అతని ఒళ్ళో పడింది.

మల్కాంతి ఉండబట్టలేక అనేసింది. "ఇన్నాళ్ళూ నీళ్ళల్లోనే ఉన్నావు కదా, ఒక్క గిన్నె నింపడం రాదా నీకు?"

"ఉన్నాను గాని, అక్కడ నాకు చెంబు ఎవరిచ్చారే?"

చాపల మీద నవ్వు లేచింది. పెద్ద స్వామి విసనకర్ర ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ నవ్వులో తన గొంతు కూడా ఉందని సందమాలికి కాస్త ఆలస్యంగా తెలిసింది. తనను అడక్కుండా వచ్చేసింది అది.

మళ్ళీ వంచారు. భిక్షువుల పఠనం మొదలైంది. గిన్నె నిండి, అంచు దాటి, పళ్ళెంలోకి పారింది. అందరూ ఒక్కసారిగా "సాధు, సాధు, సాధు" అన్నారు. సందమాలి అనకుండా లోపల వెతికింది. మంట ఉందా? ఉంది. చిన్నదైంది గాని ఉంది. అత్త మాట గుర్తొచ్చి పెదాలు బిగించింది.

జనం లేవడం మొదలుపెట్టారు. సిరిపాల లేవలేదు. పళ్ళెంలోకి పొర్లిన నీళ్ళను చూస్తున్నాడు. అన్ని నీళ్ళు, ఊరికే, ఎవరూ తాగకుండా. ఎవరూ గమనించట్లేదనుకుని అరచెయ్యి అందులో ముంచి, పగిలిన పెదాలకు అద్దుకున్నాడు. మళ్ళీ ముంచి కళ్ళకు అద్దుకున్నాడు. పసివాడు తల్లి దగ్గర చేసినట్టు మెల్లగా, తీరిగ్గా.

ఈ మనిషికి దాహం తీరింది, అనుకుంది సందమాలి. అంతే అనుకుంది. గొంతులోంచి ఏదో చల్లగా కిందికి దిగింది, తనే తాగినట్టు.

"సాధు" అంది.

అందరూ చెప్పేశాక, ఆ సద్దుమణిగిన ఇంట్లో, ఒక్కతే. తలలన్నీ గుమ్మం వైపు తిరిగాయి. మల్కాంతి చూసింది. ఆమె ముఖంలో నవ్వు ఆగి, కళ్ళు నిండాయి.

ఇంటికొచ్చేసరికి లీసోహామి చాప మీంచి మోచేతుల మీద లేచి ఉంది.

"అన్నావా?"

"ఆలస్యంగా అన్నాను."

"మంటతోనా?"

"కాదు."

"వాడికే అని చెప్పావా? సముద్రం మీదున్న నా మొగుడికి అని?"

సందమాలి గుమ్మంలోనే ఆగిపోయింది. దారంతా ఆమెకు ఆ ఊసే రాలేదు. సిరిపాల తడి చెయ్యే కళ్ళ ముందుంది. "మర్చిపోయానత్తా" అంది. అని, ఇన్ని నెలలుగా ఏడవని మనిషి, గుమ్మాన్ని పట్టుకుని ఏడ్చింది. ఒక్క గడియ అతన్ని మర్చిపోయింది తను. ఆ గడియలో హాయిగా ఉంది.

లీసోహామి కోపంగా ఏదో అనబోయింది. కోడలి ముఖం చూసి ఆగింది. వాచిన కాలు ఈడ్చుకుంటూ వచ్చి రాట్నం దగ్గర కూలబడింది.

"పిచ్చిదానా, నీ సంతోషం ఇంకెవరి దగ్గరకి పోతుందే? దానికి దారి తెలీదూ? ముక్కు తుడుచుకుని పీచు అందుకో."

సందమాలి పీచు నడుముకు చుట్టుకుంది. రాట్నం తిరిగింది. ఒక్కో అడుగూ వెనక్కి వేస్తుంటే తాడు సాగింది. ఈసారి చివరిదాకా వచ్చాక ఆమె ఆగి, తాడు వదలకుండానే మెడ తిప్పి సముద్రం వైపు చూసింది. ఏమీ లేదు. ఎండ, నీళ్ళు. చాలాసేపు చూసింది.

"ఏమే, తాడు వదులవుతోంది!" అని అత్త అరిచింది.

"వస్తున్నా" అంది సందమాలి. సాయంత్రం అన్నం వండేటప్పుడు ఎప్పటిలాగే అతని వాటా బియ్యం కూడా కొలిచి పోసింది.