నోలీన్ మింగిన ఈగ

మెమోరియల్ హాల్లో ముందు వరుస కుర్చీలు మధ్యాహ్నం భోజనాల వేళకే మూడు ఆపిపెట్టింది నోలీన్. ఒకటి తనకి, ఒకటి తన లామింగ్టన్ కేకుల డబ్బాకి, ఒకటి ఆడపడుచు గ్లెనిస్‌కి. ఎక్కడో వెనక కూర్చుని "నాకు సరిగ్గా కనపడలేదమ్మా" అని ఆ మహాతల్లి తప్పించుకోకూడదు. ఇవాళ ఆ ఈగని గ్లెనిస్ కళ్ళజోడు తుడుచుకుని మరీ చూసి తీరాలి.

ఈగ కథ ఊళ్ళో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. నోలీన్‌కి ఇరవై రెండేళ్ళప్పుడు సినిమావాళ్ళు ఊళ్ళోకి దిగారు. గుర్రాలు, తుపాకులు, దోపిడీ దొంగలు ఉన్న సినిమా. దానికో పేరు లేకపోలేదు గానీ ఇక్కడ ఎవరూ ఆ పేరుతో పిలవరు, "మన సినిమా" అంటారు, అంతే. గొర్రెల బొచ్చు కత్తిరించేవాళ్ళ దగ్గర్నుంచి పోస్టుమాస్టరు దాకా అందరూ గుంపులో నిలబడ్డారు. మాట మాత్రం ఒక్క నోలీన్‌కే దక్కింది. హీరో గుర్రం మీద వచ్చి "వాడెటు పోయాడు?" అని అడగాలి. "ఉత్తరానికి పోయాడు" అని నోలీన్ చెప్పాలి. అదీ ఆవిడ పాత్ర మొత్తం. తీరా నోరు తెరిచి "ఉత్త..." అనేసరికి ఈగ లోపలికి దూరింది. పొలమారి, దగ్గి, కళ్ళమ్మట నీళ్ళు కారాయి. వెలుతురు పోతోందని దర్శకుడు మళ్ళీ తియ్యకుండా దాన్నే ఉంచేశాడు. సిడ్నీ పత్రికలో ఎవరో మహానుభావుడు "భయంతో గొంతు పూడుకుపోయిన పల్లెపడుచుగా ఆ అమ్మాయి జీవించేసింది" అని రాశాడు కూడా. ఆ పెద్దమనిషి జన్మలో ఒక్క జనవరి నెల, మండు వేసవిలో ఈగల మధ్య, ఈ వైపు గడిపి ఉండడు.

అప్పట్నుంచి నోలీన్ "ఈగ మింగిన పిల్ల" అయిపోయింది. పబ్బులోకి కొత్త ముఖం వస్తే చాలు, ఆవిడ మొగుడు డెస్ గ్లాసు కింద పెట్టి మొదలెట్టేవాడు. "ఇదిగో, మా ఆవిడే. ఆ షాట్లో నేను పక్కనే నిలబడ్డాను. కళ్ళారా చూశాను. ఈగని అమాంతం మింగేసింది!" అని. నోలీన్ పైకి విసుక్కునేది గానీ, లోపల ఆ ముచ్చట ఆవిడకీ ఇష్టమే.

నమ్మనిది ఊరు మొత్తమ్మీద ఒక్క గ్లెనిస్. డెస్‌కి అక్క. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. "ఈగా లేదు, దోమా లేదు. డైలాగు మర్చిపోయి దగ్గింది" అని ఇన్నేళ్ళుగా ఒకటే పాట. నోలీన్ ఆ పాటని చెవిన పెట్టేది కాదు. తన సాక్షి తన పక్కనే ఉన్నాడు కదా!

ఆ సాక్షి కిందటేడు పోయాడు. అంత్యక్రియలయ్యాక అందరూ టీ తాగుతుంటే గ్లెనిస్ లేచి తమ్ముడి గురించి నాలుగు మంచిమాటలు చెప్పింది. చెప్పి ఊరుకుంటే బాగుండేది. "మా డెస్ పుట్టి బుద్ధెరిగాక ఒకే ఒక్క అబద్ధమాడాడు. పెళ్ళాం పరువు కోసం లేని ఈగని ఉందన్నాడు" అంది. జనం నవ్వారు. కప్పు చేత్తో పట్టుకుని నోలీన్ కూడా నవ్వింది గానీ ఆ మాట మాత్రం మర్చిపోలేదు. తనని ఎన్ని అన్నా పడేది. పోయినవాణ్ణి, అదీ మట్టి ఇంకా ఆరకముందే, అబద్ధాలకోరుని చేసింది ముసల్ది.

సినిమాలో సాక్ష్యం ఉంది కదా, చూపించెయ్యొచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు. చూపిద్దామంటే కనపడి చావాలిగా! మొదట వచ్చిన వీడియో క్యాసెట్లో మొహాలన్నీ ఉడికించి నలిపిన బంగాళాదుంపల్లా ఉండేవి. అందులో ఈగ సంగతి దేవుడెరుగు, గుర్రమే గుర్రమని పోల్చుకోవడం కష్టం. పైగా టీవీలో పట్టడానికి బొమ్మని రెండువైపులా కోసిపారేశారు. పక్కనున్న డెస్‌లో ఒక చెవి, టోపీ అంచు మిగిలాయి. తర్వాత డీవీడీ వచ్చింది. అందులో డెస్ పూర్తిగానే ఉన్నాడు గానీ ఊరంతా చెరువు అడుగున ఉన్నట్టు ఆకుపచ్చగా, చీకటిగా ఉంది. నోలీన్ భూతద్దం పెట్టుకుని టీవీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని వెతికింది. దొరికింది ఈగ కాదు, నడుంనొప్పి.

ఇప్పుడు సిడ్నీ కంపెనీ ఏదో అసలు ఫిల్ముని కొత్తగా శుభ్రం చేసి బ్లూరే డిస్కు వేసింది. "మీరు ఎన్నడూ చూడనంత స్పష్టంగా" అని డబ్బా మీదే అచ్చేశారు. మొదటి ఆట సినిమా తీసిన ఊళ్ళోనే వెయ్యాలని రోరీ అనే ముప్ఫై ఏళ్ళ మనిషిని పంపించారు. గడ్డం చక్కగా దువ్వుకుని, తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. ఈ ఎండలో, ఈ ఎర్రదుమ్ములో, తెల్ల చొక్కా!

గ్లెనిస్ వచ్చి పక్కన చతికిలబడింది. "ఏమే నోలీన్, నీ ఈగ ముస్తాబై వచ్చిందా?"

"కళ్ళజోడు తుడుచుకో గ్లెనిస్. తర్వాత మసకగా ఉందనకు."

దీపాలు తీసేశారు. బొమ్మ పడగానే హాలంతా "అబ్బా" అంది. ఆకాశం నీలంగా, నేల ఎర్రగా, కళ్ళు జిగేలుమన్నాయి. కాసేపయ్యాక ఆ "అబ్బా" కాస్తా చల్లారింది. ఎవరి మొహం మీదా ఒక్క ముడత లేదు. చర్మం మీద గరుకన్నది లేకుండా అందరూ కొత్త సబ్బుబిళ్ళల్లా మెరుస్తున్నారు. పోస్టుమాస్టరుకి ఉండాల్సిన మశూచి మచ్చలు ఏమయ్యాయో తెలీదు.

"మా నాన్నేనా అది?" అన్నాడు వెనకనుంచి పబ్బు యజమాని క్లారీ. "మా నాన్న చచ్చేదాకా ఒక్కరోజు కూడా అంత శుభ్రంగా లేడు."

అంతకంటే వింత ఇంకోటి. తెర మీద ప్రతివాడూ మొహం ముందు చెయ్యి ఊపుతున్నాడు. గుంపు ఊపుతోంది. హీరో ఊపుతున్నాడు. పాదిరీ ప్రార్థన మధ్యలో ఊపుతున్నాడు. గుండు తగిలి నేలకొరిగిన దొంగ సైతం, ప్రాణం పోతూ పోతూ, రెండుసార్లు ఊపి మరీ పోయాడు.

"ఎవరికే వీళ్ళంతా టాటాలు చెబుతున్నారు?" అని అడిగింది గ్లెనిస్.

నోలీన్ కుర్చీ అంచుకి జరిగింది. హీరో గుర్రం వచ్చింది. "వాడెటు పోయాడు?" అన్నాడు. తెర నిండా ఇరవై రెండేళ్ళ నోలీన్, పక్కన డెస్. ఆ పిల్ల నోరు తెరిచింది. "ఉత్త..." అంది. దగ్గింది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. గాలి అద్దంలా ఉంది. అందులో ఏమీ లేదు. ఏమీ లేనిదానికే ఆ పిల్ల ఊపిరాడక కొట్టుకుంటోంది.

"చూశాను," అంది గ్లెనిస్ మెల్లిగా. "బాగా చూశాను. పాపం, గాలికి పొలమారినట్టుంది."

నోలీన్‌కి తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళలో తన మీద తనకే అనుమానం రావడం అదే మొదలు. ఈగ లేదా? నిజంగానే డైలాగు మర్చిపోయానా? అయితే డెస్ రోజూ పబ్బులో చూశానని చెప్పింది ఏమిటి? పెళ్ళాం చిన్నబుచ్చుకుంటుందని, పాపం, బతికినంతకాలం అబద్ధం మోశాడా? సినిమా అయ్యేదాకా ఆవిడకి ఇంకేమీ కనపడలేదు, వినపడలేదు.

దీపాలు వెలిగాక రోరీ వేదికెక్కాడు. "ఈ ఫిల్ము పరిస్థితి చూసి మొదట భయపడ్డామండీ. ఇంత మురికి ఇంకే సినిమాలోనూ చూళ్ళేదు. ఒక ఫ్రేములో ఉండి పక్క ఫ్రేములో లేనిదేదైనా మురికేనని కంప్యూటరుకి నేర్పించాం. అది మొత్తం ఏరిపారేసింది. ఒక్క నల్లచుక్క మిగల్లేదు!" అని ఛాతీ విరుచుకున్నాడు.

క్లారీ లేచి నిలబడ్డాడు. "నాయనా, ఆ నల్లచుక్కలు ఒక్కచోట ఉండకుండా తిరిగేవా?"

"అవునండీ. అదే చిక్కు."

"మొహాల చుట్టూ ఎక్కువగా ఉండేవా? నోరు, ముక్కు, కళ్ళ దగ్గర?"

"అవును! మీకెలా తెలుసు?"

హాలు పగలబడి నవ్వింది. రోరీ బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. తలుపు తెరిచి ఉందేమో, సరిగ్గా అప్పుడే ఒకటి వచ్చి అతని ముక్కు మీద వాలింది. చెయ్యి ఊపాడు. ఊపుతూనే ఆగిపోయాడు. గడ్డం పైనున్న మొహమంతా తెల్లబోయింది.

"అవి... ఈగలా?"

"నా ఈగని ఏం చేశావు బాబూ?" నోలీన్ వేదిక దగ్గరికి వచ్చేసింది. "మీరు తుడవక ముందుది ఉందా, లేదా? ఉంటే చూపించు. ఇప్పుడే చూపించు."

ఉంది. తమ గొప్ప చూపించుకోవడానికి ఒకే బొమ్మలో సగం ముందుదీ సగం తర్వాతదీ పెట్టిన ముక్క రోరీ లాప్‌టాప్‌లో ఉంది. దాన్నే పెద్దతెర మీద వేశాడు. మధ్యలో నిలువుగా ఒక తెల్లగీత. ఎడమవైపు తుడవనిది, కుడివైపు తుడిచింది. నోలీన్ ఎడమ సగంలో పడింది, డెస్ కుడి సగంలో. రోరీ ఆ షాటుని బాగా నెమ్మదిగా నడిపించాడు.

ఎడమవైపుకి జీవం వచ్చింది. దుమ్ము, చెమట, గీతలు, ఈగలు, ఎన్ని ఈగలో! వాటిలో ఒకటి ఆ పిల్ల చెంప పక్కనుంచి తిరిగి, తెరిచిన నోట్లోకి తిన్నగా వెళ్ళిపోయింది.

హాలు గొల్లుమంది. ఈలలేశారు. క్లారీ కుర్చీ ఎక్కాడు. నోలీన్ వెనక్కి తిరిగి గ్లెనిస్ వైపు చూసింది. గ్లెనిస్ తెరవైపే వేలు చూపిస్తోంది.

"ఆగండర్రా! అదిగో, బయటికొచ్చేసింది!"

నిజమే. తెర మీది పిల్ల దగ్గిన ఆ ఊపుకి ఈగ బయటికి దూసుకొచ్చింది. కుడివైపుకి ఎగిరి, తెల్లగీత దాటి, మాయమైపోయింది.

"ఈగ ఉందే, ఒప్పుకుంటాను. చెంపలేసుకుంటాను," అంది గ్లెనిస్. "కానీ నువ్వు మింగలేదు. కక్కేశావు. మావాడేమో అమాంతం మింగేసిందని ఊరంతా చెప్పాడు. చెప్పాడా లేదా? అబద్ధమేగా మరి?"

ఈగ దక్కింది, మొగుడి మాట దక్కలేదు. నోలీన్ రోరీ వైపు తిరిగి, "గీత దాటాక అదేమయింది?" అని అడిగింది.

"అటువైపు తుడిచేశాం కదండీ."

"ఆ గీత జరుగుతుందా?"

"ఈ మెషీన్లో జరుగుతుంది."

"అయితే జరుపు."

రోరీ షాటుని మళ్ళీ మొదలెట్టి, గీతని పట్టుకుని కుడివైపుకి లాగాడు. గీత డెస్ మొహం మీదుగా నెమ్మదిగా పోతోంది. అది దాటినంతమేరా సబ్బుబిళ్ళ పోయి మనిషి వస్తున్నాడు. ఎండకి తోలూడిన ముక్కు వచ్చింది. మచ్చలు వచ్చాయి, మాసిన గడ్డం వచ్చింది, చెంప మీద చెమటకాలువ వచ్చింది. నోలీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ మొహాన్ని ఆవిడ అంత దగ్గరగా చూసి ఎన్నేళ్ళయిందో! క్యాసెట్లో చెవి, డీవీడీలో చీకటి, ఆ తర్వాత ఆస్పత్రి మంచం మీది ముసలాడు. ఇన్నాళ్ళకి ఇప్పుడు వాడు, ఆ కుర్రాడు, ఎదురుగా నిలబడ్డాడు. హీరోని చూడమని దర్శకుడు చెప్పుంటాడు. వాడు మాత్రం పక్కపిల్లని చూస్తున్నాడు, వెర్రివాడిలా నోరు తెరుచుకుని.

ఆ తెరిచిన నోట్లోకే వెళ్ళింది ఈగ.

నోరు మూసుకుంది. గొంతులో గుటక కదిలింది. ఇంకేమీ కదల్లేదు. దగ్గలేదు, ఉమ్మలేదు, కనురెప్ప వెయ్యలేదు. పక్కన పిల్ల దగ్గి దగ్గి చస్తుంటే, ఆ పిల్ల షాటు పాడవకుండా, కట్టెలా అలాగే నిలబడి ఉన్నాడు.

ఈసారి ఎవరూ ఈల వెయ్యలేదు. క్లారీ కుర్చీ దిగి టోపీ తీశాడు. గ్లెనిస్ వచ్చి నోలీన్ భుజం పట్టుకుని తెర దగ్గరికి నడిచింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలీకుండా ఉంది ఆవిడ మొహం.

"వీడు మింగాడే! వీడు మింగి, నువ్వు మింగావని ఊరంతా చాటింపు వేశాడే!" అంది. తర్వాత రోరీ వైపు తిరిగింది. "మళ్ళీ వెయ్యి నాయనా. మీ శుభ్రమైంది కాదు. ఆ మురికిదే వెయ్యి."

మళ్ళీ వేశాడు. మళ్ళీ మళ్ళీ వేశాడు. కేకుల డబ్బా ముందు వరుస దాటి వెనక్కి వెళ్ళి ఖాళీ అయిపోయింది. ఇద్దరు ముసలమ్మలూ మాత్రం తెర ముందునుంచి కదల్లేదు.

"నీకు ఒక్కసారైనా చెప్పలేదా?" అని అడిగింది గ్లెనిస్.

"లేదు." నోలీన్ కళ్ళు తుడుచుకుంది. "ఆ షాటు అయ్యాకే మీవాడు నాతో మొదటిసారి మాట్లాడాడు. అప్పటిదాకా మొహపరిచయం తప్ప మాటల్లేవు మాకు. దగ్గరికొచ్చి, 'ఎలా ఉంది రుచి?' అన్నాడు. ఒళ్ళు మండిపోయి, 'చేదుగా ఉంది' అన్నాను."

"వాడేమన్నాడు?"

"'అవును, చేదే' అన్నాడు. మాటవరసకి అంటున్నాడనుకున్నాను గ్లెనిస్."