చెంపకు తెలిసిన సొట్ట

నీళ్ళు చిలకరిస్తూ సన్నరకం గరుకుకాగితంతో కారు బంపర్ రుద్దుతున్నవాడల్లా ఆగి, అటూ ఇటూ చూసి, కళ్ళు మూసుకుని దానికి చెంప ఆనించాడు.

వేళ్ళతో తడిమి తెలుసుకోవాల్సిన నునుపు అది. కానీ వయసంతా పుట్టీ అరగదీయడంలో ఆయన వేలికొసలూ అరిగిపోయాయి. గీతలు లేవు, స్పర్శా లేదు. కాగుతున్న గిన్నె పట్టుకున్నా చీమ కుట్టినట్టయినా ఉండదు. ఈ సంగతి భార్యకు చెప్పలేదు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. చెబితే పొద్దెక్కేలోపు, ఈ కార్ల రిపేరు షెడ్డు నడిపే తన తమ్ముడి చెవిన పడేస్తుంది. అతను బావని పని మాన్పించి గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెడతాడు.

షెడ్డులో ఆయన్ని నున్నటాయన అంటారు. మనిషి మాత్రం గరుకే. అట్టకట్టిన జుట్టు, కనురెప్పల మీద బూడిదరంగు ప్రైమర్, ఎన్నిసార్లు ఉతికినా చొక్కాని వదలని థిన్నర్ వాసన.

ఆ బంపర్ ఓ నల్లకారుది. ఓ మూల చీలి, పక్కనే సొట్టపడి వచ్చింది. పొద్దున్నే హీట్ గన్‌తో వేడిచేసి లోపల్నుంచి తోశాడు. ప్లాస్టిక్కుకు తన పాత రూపు గుర్తుంటుంది, వేడి తగిలితే బుద్ధిగా వెనక్కి వస్తుంది. ఇదీ వచ్చింది. చీలిక కరిగించి అతికించాడు, పుట్టీ పెట్టాడు, ప్రైమర్ కొట్టాడు. కంటికి అద్దంలా ఉంది. చెంపకు మాత్రం సొట్ట తగిలింది. అంతా గీకేసి మళ్ళీ వేడిచేశాడు, మళ్ళీ పుట్టీ పెట్టాడు. ఇప్పుడు ఇంకాస్త లోతుగా ఉంది. దవడకో గుంట, కణతకో గుంట. ఎవరో కొలత తీసుకున్నట్టు ఆయన ముఖం అందులో ఇమిడిపోయింది. ఒళ్ళు జలదరించింది. అంతకంటే భయపెట్టిందేమిటంటే, అక్కడ హాయిగా ఉంది.

"ఏంటి బావా, దానికేమన్నా రహస్యాలు చెబుతున్నావా?" వెనకనుంచి బావమరిది.

"సొట్టుందిరా ఇక్కడ."

బావమరిది అరచేత్తో నిమిరాడు. "నా బట్టతలకన్నా నున్నగా ఉంది. ఎక్కడ సొట్ట?"

"చేత్తో కాదు, చెంప పెట్టి చూడు."

నవ్వబోయిన బావమరిది ఆగిపోయాడు. బావ చెయ్యి లాక్కుని వేలికొస మీద గట్టిగా గిచ్చాడు. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు.

"ఎన్నాళ్ళనుంచి బావా?"

ఆయన చెయ్యి వెనక్కి లాక్కుని మళ్ళీ గరుకుకాగితం అందుకున్నాడు.

"అక్కకి తెలుసా?"

"తెలీదు. చెప్పకురా."

"సరే, ఈ ఒక్కటీ పూర్తి చెయ్యి. రేపట్నుంచి గేటు దగ్గర కూర్చుందువుగాని, నీడపట్టున." ప్రేమగానే అన్నాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

మధ్యాహ్నం నల్లరంగు కొట్టాడు. ఎక్కడా చుక్క జారలేదు, ఎక్కడా పలచబడలేదు. అలాంటి పని తన చేతిమీదుగా ఎప్పుడూ జరగలేదని ఆయనకే అనిపించి గర్వపడ్డాడు. పైపూత ఆరేదాకా ఆగి, పీట లాక్కుని కూర్చుని, ఇక దాచేదేముందన్నట్టు అందరి ముందూ చెంప ఆనించాడు. ఎవరూ కదిలించలేదు. పెద్దాయన బాధపడుతున్నాడులే అనుకున్నారు.

సాయంత్రం కారాయన వచ్చాడు. బావమరిది రెండుసార్లు పిలిచి, దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యి వేశాడు. మనిషి ఎప్పుడో చల్లబడిపోయాడు.

ఆయన్ని ఇంటికి చేర్చి, ఏడుస్తున్న అక్కకు సగమే నిజం చెప్పి, షెడ్డుకు తాళం వెయ్యడానికి బావమరిది ఒక్కడే తిరిగొచ్చాడు. బంపర్ స్టాండు మీదే ఉంది. ఈ మూలనుంచి ఆ మూలదాకా నిమిరాడు. చేతికి ఏమీ తగల్లేదు. పొద్దున ఒక్కసారి బావ మాట వినుంటే ఏం పోయేదని ఏడుపొచ్చింది. వంగి, దానికి చెంప ఆనించాడు.

చెంప లోపలికి దిగింది. తన దవడకు పెద్దదైన ఆ గుంట ఇంకా వెచ్చగానే ఉంది.