సగానికి దించిన జెండా

షాండ్రాను బయటికి మోసుకెళ్లిన కాసేపటికే చేపలు కోసే లైను మళ్లీ నడిపారు. మంచుగడ్డలు తోసే మరకు మూత లేదు. లోపల తిరిగే ఇనుప మెలిక ఆమె ఏప్రన్ తాడును పట్టుకుని ఆమెను లోపలికి లాగేసుకుంది. నేను పక్కనే ఉన్నాను. నేల కడిగించి, మా చేతికి కత్తులిచ్చి, చేపలు కోయమన్నారు. కోశాం.

మర్నాడు పొద్దున ఫ్యాక్టరీ ముందున్న మిసిసిపీ రాష్ట్ర జెండాను సగానికి దించారు.

"మీ పిల్లకు గౌరవం," అన్నాడు మేనేజరు హార్డిన్. నిజంగానే అలా అనుకున్నాడు. ఆ జెండా మూలన ఎర్రటి నేల మీద ఇంటూ గుర్తులా నీలం గీతలు, వాటిలో నక్షత్రాలు. మా ముత్తాతలను అమ్ముకునే హక్కు కోసం యుద్ధం చేసినవాళ్ల గుర్తు.

స్తంభం కొసన ఉన్నప్పుడు తలెత్తితే తప్ప కనబడేది కాదు. సగానికి దిగాక సరిగ్గా మా కిటికీకి ఎదురుగా వచ్చింది. గాలి వీచినప్పుడల్లా దాని నీడ కోతబల్ల మీదుగా పాకి షాండ్రా నిలబడే చోట ఆగేది. ఆ చోట నిలబడమంటే ఎవరూ కదల్లేదు. చికాగో నుంచి చుట్టాలు రావాలి కాబట్టి ఖననం శనివారం. అప్పటిదాకా జెండా అలాగే ఉంచుతానని హార్డిన్ మాటిచ్చాడు.

షాండ్రా తల్లి ఓజెల్లాదీ మా లైనే. బుధవారం ప్రార్థన అయ్యాక చర్చి వెనక గదిలో అందరం కూర్చున్నాం.

"ఆ గుడ్డ నా బిడ్డ పేరు మీద వేలాడుతుండగా పిల్లని మట్టిలో పెట్టను," అంది ఓజెల్లా.

డీకన్ క్లియోథా మా చర్చి పెద్ద, వయసులోనూ మాలో పెద్దవాడు. "జెండా దింపితే మరకు మూతొస్తుందా సిస్టర్? ముందు మూత అడుగుదాం. రాష్ట్రానికి ఈ జెండా ఉంచాలా మార్చాలా అన్నది వచ్చే నెల ఓట్లలో తేలుతుంది."

"ఏం తేలుతుందో నీకు తెలీదూ?" అంది వెర్లీన్ వెనక బెంచీ నుంచి. "ఈసారి ఓట్లేసి మరీ మన నెత్తిన కడతారు."

కొందరు నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"మా తాతను ఇంట్లోంచి లాక్కెళ్లి చంపినోళ్లు ఆ జెండానే పట్టుకొచ్చారు," అంది ఓజెల్లా. "మా తరఫున అడిగేవాళ్లు లేరని ధైర్యం. మరకు మూత పెట్టనిదీ ఆ ధైర్యంతోనే. నాకు రెండూ ఒకటే, డీకన్."

ఆయన టోపీ చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

శుక్రవారం మేమెవరం పనిలోకి వెళ్లలేదు. ఏప్రన్లతోనే స్తంభం చుట్టూ నిలబడ్డాం. హార్డిన్ బయటికొచ్చాడు.

"పొరపాటు పడుతున్నారమ్మా. అది బానిసత్వం జెండా కాదు, రాష్ట్రాల హక్కుల జెండా. వాషింగ్టన్ పెత్తనం వద్దని మా తాతలు పోరాడారు."

"ఏం చేసే హక్కు, మిస్టర్ హార్డిన్?" అంది ఓజెల్లా.

"ఎవరి బతుకు వాళ్లు నడుపుకునే హక్కు."

"మా ముత్తవ్వా ఈ రాష్ట్రంలోనే పుట్టింది. ఆవిడ బతుకు ఎవరు నడిపారు?"

"అవన్నీ పాత సంగతులు."

"నా పిల్ల పోయింది ఈ సోమవారమే."

ఆమె తాడు విప్పింది. మేమూ చెయ్యేశాం. కిందికొచ్చిన జెండాను నేల తాకనివ్వకుండా మడిచి, అతని చేతుల్లో పెట్టింది. "మీది మీ దగ్గరే ఉంచుకోండి."

షెరీఫు మనుషులు ఆమెను జైలుకు తీసుకెళ్లారు. జడ్జి వచ్చేదాకా వదిలేది లేదన్నారు. మధ్యాహ్నానికి జెండా మళ్లీ సగానికి ఎక్కింది.

శనివారం శవపేటిక బండి వెనక కార్లన్నీ లైట్లు వేసుకుని బయల్దేరాయి. శవయాత్ర ఎదురైతే మా ఊళ్లో ఎవరైనా బండి పక్కకు తీసి ఆపాల్సిందే. నల్లవాళ్లా తెల్లవాళ్లా అని చూడరు. శవపేటిక బండికి ముందు దారి చూపే కారును డీకన్ నడుపుతున్నాడు. శ్మశానానికి మళ్లాల్సిన చోట ఆయన జైలు వైపు తిరిగాడు. మాతో ముందుగా ఒక్క మాట అనలేదు. అందరం వెంట తిరిగాం. వెనక అద్దానికి అదే జెండా అంటించుకున్న ట్రక్కులు కూడా ఆగాయి. వాటిలోని మగవాళ్లు టోపీలు తీశారు. ఊరేగింపంటే మాకు అనుమతి ఇచ్చేవాళ్లు కారు. శవానికి దారిచ్చారు.

జైలు ముందు ఆగాం. షెరీఫు మనిషి వచ్చి కారు కిటికీ దగ్గర వంగాడు.

"శ్మశానం అటు, డీకన్."

"తెలుసు బాబూ. మా అమ్మానాన్నా అక్కడే ఉన్నారు."

"మరి?"

"తల్లి లేకుండా పాతిపెట్టం. ఆమె రావాలి. ఆ జెండా దిగాలి. మరకు మూత పడాలి."

"అంతదాకా?"

"షాండ్రా మాతోనే ఉంటుంది."

ఒక్క కారూ లైట్లు ఆర్పలేదు. అతను తలెత్తి మా వెనక చూశాడు. వీధి పొడవునా బళ్లు పక్కకు తీసి అలాగే ఆగి ఉన్నాయి. శవం దాటిపోతే గాని ఎవరూ కదలకూడదు.