సింగారమ్మ తోమిన రోమను నాణెం

నేను ఒక కంచు నాణేన్ని. పదహారు వందల ఏళ్ళ కిందట రోమను టంకశాలలో ఒక్క సుత్తి దెబ్బకు పుట్టాను. ఒకవైపు ముత్యాల పట్టీ కట్టుకున్న చక్రవర్తి. రెండోవైపు గుర్రం మీంచి పడి చేయెత్తి వేడుకుంటున్న మనిషి, వాణ్ణి ఈటెతో పొడుస్తున్న సైనికుడు. చుట్టూ 'మంచి రోజులు తిరిగొచ్చాయి' అని రాత. ఎవరికి వచ్చాయో మరి! మనుషులు ఆ బొమ్మ కేసి చూడకుండానే నాతో రొట్టెలు, ఉల్లిపాయలు కొనుక్కున్నారు.

ఒక నావికుడి నడుము సంచిలో సముద్రం దాటి, వంశధార కడలిలో కలిసే ఈ తీరానికి వచ్చాను. ఇక్కడ నన్నెవరూ పుచ్చుకోకపోతే విసుగొచ్చి పారేశాడు. దిబ్బలో పడి ఉన్నాను. ఉప్పు గాలికి ఒళ్ళంతా పచ్చటి చిలుము పట్టింది. పైపొర లోహం ఏనాడో పుచ్చిపోయింది. నా ముఖం, నా అక్షరాలు ఆ చిలుములోనే మిగిలాయి.

మొన్నటి వానకు బయటపడితే, చేపలు పట్టే నూకరాజు ఏరుకున్నాడు. ఆ దిబ్బను రొయ్యల చెరువు కోసం తవ్వబోతున్నారు. ఊరివాళ్ళు తమ వాళ్ళను పూడ్చుకునేది అక్కడే. నూకరాజు, సింగారమ్మల ఆరేళ్ళ కూతురు కూడా అక్కడే ఉంది. సమాధులకు కాగితాల్లేవని ఏ ఆఫీసులోనూ వీళ్ళ మాట వినలేదు. పాత వస్తువులు పరిశీలించే అధికారి శేషఫణి ఒక్కడే మాటిచ్చాడు. నాణెం మీద బొమ్మో రాతో పోల్చగలిగితే, దిబ్బ పాతకాలపుదని రాసి తవ్వకం ఆపిస్తానని, శుక్రవారం వస్తానని కబురు పంపాడు.

శుక్రవారం పొద్దున్నే సింగారమ్మ దీపపు కుందులు తోముతూ నన్ను కూడా ముందేసుకుంది. చింతపండు, ఇటుక పొడి. వద్దమ్మా, వద్దు, అని నేను ఎంత మొత్తుకున్నా ఏం లాభం? నాకు నోరెక్కడిది! ఆమె భక్తిగా తోమింది. చిలుముతోపాటు చక్రవర్తి ముక్కు పోయింది, కళ్ళు పోయాయి, ఒక్కో అక్షరమే పోయింది. చివరికి బంగారంలా మెరిశాను. ఆమె నన్ను కళ్ళకద్దుకుంది.

శేషఫణి భూతద్దం పెట్టి రెండువైపులా చాలాసేపు చూశాడు.

"దీన్ని ఎవరు తోమారమ్మా?"

"నానే బాబూ. మట్టి పట్టేసి ఉంటే మీకేటి కనిపిస్తాదని."

ఆయన తిట్టలేదు. "ఇప్పుడిది ఉత్త కంచు బిళ్ళమ్మా. దీన్ని చూసి నేనేమని రాయను?" అని నన్ను ఆమె చేతిలోనే పెట్టేశాడు. నూకరాజు ఆయన్ను వీధి దాకా సాగనంపి వచ్చాడు. భార్యను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే ఆమెకు కాస్త నయంగా ఉండేదేమో.

సోమవారం యంత్రం వచ్చింది. సింగారమ్మ నన్ను పిడికిట్లో బిగించి దాని వెనకే నడిచింది. బొటనవేలితో నా ఒళ్ళంతా తడుముతూనే ఉంది, ఎక్కడైనా ఒక గీత మిగిలిందేమోనని. మధ్యాహ్నానికి యంత్రం కూతురున్న చోటికి చేరింది.

"నెమ్మదిగా తవ్వు నాయినా, లోతుగా లేదు పిల్ల" అంది.

ఆ చప్పుడులో డ్రైవరుకు వినబడలేదు.