ముక్కలు పంచే కొలువు

పెళ్ళయి అమెరికాలోని సన్నీవేల్ వచ్చిన కొత్తలో నాకు ప్రతిదీ పండగే. ఫ్రిజ్ తలుపు మీద మీట నొక్కితే గ్లాసులోకి ఐసు ముక్కలు గలగలా రాలడం పండగ. డ్రయర్‌లోంచి తీసిన వెచ్చటి దుప్పటిని తెచ్చి శ్రేయాస్ మీద కప్పడం పండగ. అతను స్కూల్లో లెక్కలు చెప్పి తిరిగొచ్చే వేళకి నేను బాల్కనీలో నిలబడటం, కారు దిగుతూ అతను తలెత్తి చూడటం అన్నిటికన్నా పెద్ద పండగ. అత్తగారి ముందు అతన్ని మీరు అని, ఆవిడ వెళ్ళగానే నువ్వు అని పిలవడంలో కూడా నాకొక దొంగ సంతోషం ఉండేది.

అందుకే ఒక ఆదివారం ఉదయం టోస్టు మీద జామ్ రాసుకుంటూ, సమ్మర్‌లో వేగాస్ వెళ్ళాలి అని అతను అనగానే ఇద్దరం వెళ్తున్నామనుకుని, ఏ బట్టలు సర్దుకోవాలా అని మనసులోనే పెట్టె తెరిచేశాను.

అతను వెళ్ళేది పనికి. అక్కడ ఏటా ఎండాకాలంలో పెద్ద పోకర్ పేకాట టోర్నమెంట్ ఒకటి జరుగుతుంది. ఆడటానికి వేలమంది వస్తారు. వాళ్ళకు ముక్కలు పంచడానికి ఆ సీజన్ వరకే కొన్ని వందల మందిని పనిలోకి తీసుకుంటారు. వాళ్ళను డీలర్లంటారు. డీలర్ తను ఆడడు, పందెం కాయడు. ముక్కలు కలుపుతాడు, పంచుతాడు, గెలిచినవాళ్ళ వైపు చిప్పులు, అంటే డబ్బుకు బదులు వాడే బిళ్ళలు, తోస్తాడు. స్కూలుకు సెలవులు కాబట్టి శ్రేయాస్ కిందటేడు, మా పెళ్ళికి ముందు, ఆ పని చేశాడు. ఈ ఏడూ రమ్మన్నారట.

"ఒక్కడివే వెళ్ళావా?" అన్నాను.

"లేదు, హంసిక కూడా వచ్చింది. తనే నాకు నేర్పించింది. ఈసారి కూడా వస్తది," అన్నాడు, జామ్ సీసా మూత బిగిస్తూ.

హంసిక, అతను ఒకే వీధిలో పెరిగారు. ఇద్దరూ ఇక్కడే పుట్టినవాళ్ళు. పన్నులు కట్టే నెలల్లో ఆమె ఒక ఆఫీసులో జనం పన్ను లెక్కలు సరిచేస్తుంది, ఏప్రిల్ దాటితే ఖాళీ. మా రిసెప్షన్‌లో నన్ను కావిలించుకుని, "హాయ్ అలేఖ్యా," అంది. వదినా అని పిలిచి ఉంటే నా అసూయ సగానికి సగం తగ్గేది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఇద్దరూ మా ఇంట్లో ప్రాక్టీసు మొదలుపెట్టారు. డైనింగ్ టేబుల్ మీద మా పెళ్ళికి ఎవరో ఇచ్చిన ఆకుపచ్చ దుప్పటి పరిచారు. ఒకరు డీలర్‌గా కూర్చుంటే ఇంకొకరు ఆటగాళ్ళందరి తరఫునా ఆడేవారు. కాసేపయ్యాక హంసిక వెనకనుంచి వచ్చి అతని భుజం మీద రెండు వేళ్ళతో తట్టేది. అది నీ వంతు అయిపోయింది, లే అని చెప్పడమట. పెద్ద హాలులో అందరు డీలర్లూ అలాగే మారతారట. శ్రేయాస్ రెండు చేతులూ చరిచి, ఏమీ దాచలేదని అరచేతులు చూపించి, లేచి ఆమెకు కుర్చీ ఇచ్చేవాడు. మాటా పలుకూ లేదు, ఒక తట్టు, ఒక చప్పట, అంతే. నేను పిలిస్తే మూడోసారికిగానీ టీవీ ముందునుంచి లేవని మనిషి ఆమె రెండు వేళ్ళకు లేచేవాడు. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ నేను ఆ తట్టుల చప్పుడే వింటుండేదాన్ని. ఉల్లిపాయలు చాలా సన్నగా వచ్చేవి.

ఎండాకాలమంతా ఆ భుజం అక్కడ, నేను ఇక్కడ. నాకది మింగుడుపడలేదు.

ఒకరోజు స్టవ్ ఆపి వచ్చి, ఆ పనికి నేను కూడా రావచ్చా అని అడిగాను. నేను వచ్చిన వీసాకు పని చేసుకోవడానికి అడ్డేమీ లేదు. ముక్కలు పంచడం నాకు కొత్త కాదు కూడా. రాజమండ్రిలో కరెంటు పోయిన సాయంత్రాల్లో మా నాన్న లక్ష్మీకాంతం గారు మేడ మీద చాపేసి రమ్మీ ఆడించేవారు. ముక్కలు కలిపి పంచే పని ఎప్పుడూ నాదే. హంసిక చేతిలోంచి పేక తీసుకుని గబగబా కలిపి చూపించాను. ముక్కలు వానజల్లులా సర్దుకున్నాయి. శ్రేయాస్ కళ్ళు పెద్దవయ్యాయి. ఆ కళ్ళకోసం ఇంకో పది పేకలు కలిపేదాన్ని.

"బాగుంది. కానీ చేతులు గాల్లోకి లేపొద్దు. ముక్క బల్లకి ఆనుకుని జారాలి, లేకపోతే కింద ఏముందో పక్కవాళ్ళకి కనిపిస్తది," అంది హంసిక.

అలా ఆమె నాకు గురువైంది. నాకిష్టం లేని గురువు. కానీ బాగా చెప్పేది, అదే నా కడుపుమంట. ముక్కను వేలితో ఎలా జార్చాలో, చిప్పుల దొంతరను సమాన వాటాలుగా ఎలా విడదీయాలో ఓపిగ్గా చూపించేది. ఒక్క విషయంలో మాత్రం నేను మొరాయించాను. గెలిచినవాడు నా కుడివైపు కూర్చుంటే కుడి చేత్తో, ఎడమవైపు కూర్చుంటే ఎడమ చేత్తో చిప్పులు తోయాలట. చెయ్యి అడ్డంగా వెళ్తే పక్కవాళ్ళ చిప్పులు తగులుతాయట, పైనున్న కెమెరాకు బల్ల కనిపించదట.

ఆమె ఆ సంగతి చెప్పిన రోజున మా అత్తగారు విజయశ్రీ గారు కూడా అక్కడే కూర్చుని టీ తాగుతున్నారు. ఎడమ చేత్తో ఒక మనిషికి డబ్బు ఇవ్వడమా. చిన్నప్పుడు కొట్లో మర్చిపోయి ఎడమ చేత్తో చిల్లర అందిస్తే కొట్టాయన తీసుకోకుండా నా మొహంలోకి చూసేవాడు. ఇప్పుడు అత్తగారి ఎదురుగా నన్ను మర్యాద తెలియని దానిలా చూపించడానికే హంసిక ఇదంతా చేస్తోందనిపించింది. సరే అని తలూపి, ఆమె అటు తిరగగానే కుర్చీలోంచి సగం లేచి, ఒళ్ళంతా తిప్పి, కుడి చేత్తోనే తోశాను. అత్తగారు మెచ్చుకున్నట్టు చూశారు. నేను గెలిచాననుకున్నాను.

పరీక్షకు వేగాస్ వెళ్ళాం. పాతవాళ్ళకు పరీక్ష అక్కర్లేదు, పేరు నమోదు చేసుకుంటే చాలు. కొత్తవాళ్ళు మాత్రం పెద్దల ముందు పంచి చూపించాలి. కారులో శ్రేయాస్, హంసిక ముందు సీట్లలో కూర్చున్నారు, ఆమెకు దారి తెలుసు కాబట్టి. నాకు వెనక సీటూ, చిప్స్ పాకెట్టూ. ఎడారిలో అక్కడక్కడా పూసిన పసుప్పచ్చ పువ్వులు చూస్తే ప్రాణం లేచొచ్చింది. అదిగో చూడు అని నేననేలోపు హంసికే అనేసింది.

హోటల్ హాలులో బల్లలు వేశారు. నాకు పరీక్ష పెట్టింది బ్రెండా అనే పెద్దావిడ, మెడలో తాడుకు కళ్ళజోడు వేలాడుతోంది. ఆటగాళ్ళుగా కూర్చున్నది కూడా ఉద్యోగానికి వచ్చినవాళ్ళే. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు వేసుకుని కూర్చున్నాను. కలపడం బాగుంది. పంచడం బాగుంది. ముక్క బల్లను వదలకుండా జారింది. బ్రెండా తల పంకించింది. దూరంగా నిలబడి శ్రేయాస్ బొటనవేలు పైకెత్తి చూపించాడు.

అప్పుడు పందెం నాకు ఎడమచివర కూర్చున్న టోపీ ఆయనకు వచ్చింది. వయసులో మా నాన్నంత ఉంటాడు. నా ఎడమ చెయ్యి కదలలేదు. ఎప్పటిలాగే సగం లేచి, ఒళ్ళు తిప్పి, కుడి చేత్తో తోశాను. నా మోచెయ్యి ఆయన పక్కనున్న ఆవిడ చిప్పుల దొంతరకు తగిలింది. అది కూలి ఈయన గెలిచిన చిప్పుల్లో కలిసిపోయింది. ఏవి ఎవరివో చెప్పలేని కుప్ప.

బ్రెండా కోప్పడలేదు. చేతులు బాగున్నాయి, కానీ ఇలా జరిగితే నిజమైన టోర్నమెంట్‌లో ఆట ఆగిపోతుంది అంది. ఈ ఏడాది మనుషులు చాలటం లేదు కాబట్టి మధ్యాహ్నం ఇంకొక్కసారి చూస్తానంది. అదే చివరిసారి అని కూడా అంది.

బయటికి వచ్చేసరికి నా ఎండాకాలం మొత్తం కళ్ళముందు కనపడింది. బాల్కనీ, ఖాళీ పార్కింగ్, ఫోన్లో అతని గొంతు, వెనక ఆమె నవ్వు. శ్రేయాస్ ఓదార్చబోతే వద్దన్నాను. నాకు కావలసింది ఓదార్పు కాదు. తిన్నగా హంసిక దగ్గరికి వెళ్ళి, ఎడమ చెయ్యి నేర్పు అన్నాను.

ఆమె నా వైపు తిరిగి, "నేనంటే నీకు ఇష్టం లేదని నాకు తెలుసు. ఆడిషన్ అయ్యేదాకా దాన్ని పక్కన పెట్టు, తర్వాత మళ్ళీ స్టార్ట్ చెయ్యి, ఓకేనా?" అంది.

నాకు నవ్వొచ్చింది. నవ్వకూడదనుకున్నా ఆగలేదు.

ఇద్దరం బఫే భోజనానికి వెళ్ళాం, శ్రేయాస్‌ను రావొద్దన్నాం. ఆమె నా ఎడమవైపు కూర్చుని అడిగిందల్లా ఎడమ చేత్తో అందించాలని షరతు పెట్టింది. ఉప్పు, బ్రెడ్డు, నాప్‌కిన్, నిమ్మకాయ ముక్క. తర్వాత పక్క బల్లవాళ్ళకు కెచప్ ఇచ్చి రమ్మంది. ఒక ముసలాయన థాంక్యూ డియర్ అని ఆ సీసా అందుకుంటుంటే నా చెవులు వేడెక్కాయి. ఆయనకేమీ పట్టలేదు. లోకంలో ఎవరికీ పట్టని సంగతిని నేనొక్కదాన్నీ ఇన్నాళ్ళు మోస్తున్నానా అనిపించింది. చివరికి హంసిక తన ప్లేటులోని చాకొలెట్ కేకు కోసి, ఇది కూడా ఎడమ చేత్తోనే తినమంది. అది మాత్రం నావల్ల కాదన్నాను. సరే, అది పరీక్షలో రాదులే అని కుడి చేతికే ఇచ్చింది. ఆ కేకు ఎంత బాగుందో చెప్పలేను.

మధ్యాహ్నం మళ్ళీ అదే బల్ల, అదే టోపీ ఆయన. చాలాసేపు అటువైపు ఎవరూ గెలవలేదు. పంచుతూనే ఉన్నాను. చివరికి ఆయనకే రెండు రాజులు పడి ఆట గెలిచాడు. చిప్పులన్నీ దగ్గరికి చేర్చి, కుర్చీలోంచి కదలకుండా, ఎడమ చేత్తో తిన్నగా ఆయన ముందుకు తోశాను. ఎడమ చెయ్యి, ఏమనుకోకండి అని తెలుగులో మెల్లగా అనేశాను, ఆపుకోలేకపోయాను. అదేదో మా దేశపు శుభాకాంక్ష అనుకున్నాడేమో, ఆయన టోపీ తీసి తల వంచాడు. బ్రెండా కళ్ళజోడు కిందికి దించి, వెల్కమ్ అంది.

నేను ఎగిరి గంతెయ్యలేదు, పక్కన పెద్దవాళ్ళున్నారు. కానీ లోపల ఐసు ముక్కలన్నీ ఒక్కసారే రాలాయి.

శ్రేయాస్ పరిగెత్తుకొచ్చాడు. మేమిద్దరం భార్యాభర్తలమని చూడగానే బ్రెండాకు అర్థమైంది. అక్కడి పద్ధతి ప్రకారం మొగుడూపెళ్ళాలు ఒకే షిఫ్టులో పంచకూడదట. శ్రేయాస్ కిందటేడు పెళ్ళికానివాడు కాబట్టి ఈ సంగతి అతనికి తెలియదు. అతనిదీ హంసికదీ పగటి షిఫ్టు. కొత్తవాళ్ళకు సాయంత్రం షిఫ్టు. అంటే ఇంత తంటాలు పడి, చిన్నప్పటి బుద్ధులు మార్చుకుని, నేను సంపాదించింది అతను గదికి వచ్చే వేళకు నేను బయల్దేరిపోయే ఉద్యోగం. పగలంతా భుజం తట్టేది మాత్రం హంసికే.

బ్రెండా మాట్లాడుతూనే ఉంది. సాయంత్రం అందరూ కొత్తవాళ్ళే, అనుభవమున్నవాళ్ళు ఒకరిద్దరు కావాలి, ఎవరైనా వస్తారేమో తెలుసా అని ఊరికే అడిగింది.

"హంసిక వస్తుంది," అన్నాను, ఆమెను అడగకుండానే.

శ్రేయాస్ నావైపు తిరిగాడు. నేను అటు చూడలేదు. హంసికవైపు చూశాను. కోప్పడుతుందనుకున్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ష్యూర్. పగలు నిద్రపోవచ్చు," అంది. ఆ చూపులో ఆమెకు అంతా తెలిసిపోయిందని నాకు తెలిసింది. తెలిసినా ఒప్పుకుంది.

పార్కింగ్‌లో ఎండ మాడ్చేస్తోంది. ఈసారి హంసిక తనంతట తనే వెనక సీట్లోకి ఎక్కింది, నాకు ముందు సీటు దొరికింది. గెలిచిన రాణిలా బెల్టు పెట్టుకున్నాను. శ్రేయాస్ మూతి ముడుచుకునే కారు స్టార్ట్ చేశాడు. ఏసీ గాలి నావైపు తిప్పుకుంటూ, "ఏంటి మూతి అలా పెట్టావు?" అన్నాను.

"నేను ఒక్కడినే అయిపోయాను కదా," అన్నాడు.

నా మనసు చల్లబడింది, పెళ్ళైనప్పటినుంచీ అతను నాకోసం మూతి ముడవడం ఇదే మొదటిసారి. ఆ సంతోషంలో సిటీ దాటేదాకా నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ తర్వాతే అనుమానం వచ్చింది. ఇద్దరం సాయంత్రం షిఫ్టుకు వెళ్ళిపోతున్నాం. అతను బెంగపడుతున్నది ఇద్దరిలో ఎవరికోసం?

వెనక సీట్లో హంసిక చిప్స్ తింటోంది. నేను అతని మొహంలోకి పరీక్షగా చూడటం మొదలుపెట్టాను.