రెండు గంటల కూత

శేషప్ప సైకిలు రిమ్మును తాకిన పీరా సాబ్ వేలికి నూనె అంటుకుంది.

చప్పున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. రైలు గేటు దగ్గర పత్తి లారీ ఇంకా అడ్డంగానే ఉంది. దాని ముందు గోనెపట్టా కింద శేషప్ప. వంకరపోయిన హ్యాండిలుకు పొద్దున మిల్లులో ఆయుధపూజకు కట్టిన బంతిపూల దండ వేలాడుతోంది. గాలికి వెనక చక్రం మెల్లగా కదిలి, టిక్కు టిక్కుమంటోంది.

"బ్రేకులు చూస్తివా సాయిబూ?" పోలీసు జమేదారు అడిగాడు.

"తాగి వాలు దిగినాడు సార్, ఇంకేం చూసేది?" మిల్లు మేస్త్రీ బసప్ప అందుకున్నాడు. "బ్రేకులు బాగుండాయని సైకిల్ షాపు సాయిబు నువ్వు రాసిస్తే అయిపాయె."

శవం పక్కన కూర్చున్న హులిగమ్మ తలెత్తింది. "నీ నోట్లో మన్ను పడ! తాగనని మంత్రాలయంలో ఒట్టేసొచ్చి రెండేండ్లాయె నా మొగుడు. బిడ్డకు జొరమని సెలవడుక్కొని వస్తాండె గదప్పా!"

తాగుడని రాస్తే మిల్లు ఆమెకు నయాపైసా ఇవ్వదు. అక్కడున్న అందరికీ ఆ సంగతి తెలుసు.

జమేదారు కాగితం, పెన్ను చేతికిచ్చాడు. పీరా సాబ్ వేలిని లుంగీకి తుడుచుకున్నాడు. వాసన పోలేదు.

"ఏందప్పా, పెన్ను పట్టుకొని నిద్రపోతాండావా?" అన్నాడు బసప్ప.

"టైమెంత సార్?"

"రెండుకు పది నిమిషాలుంది."

రెండింటికి మిల్లు కూత వేస్తుంది. పత్తి సీజను, పండగైనా సెలవు లేదు. పొద్దుటి షిఫ్టువాళ్లు నలభై మంది సైకిళ్లెక్కుతారు. మిల్లు గేటు నుంచి ఇక్కడిదాకా ఒకటే వాలు. పీరా సాబ్ కళ్లకు ఆ వాలంతా నలభై బంతిపూల దండలు ఊగుతూ దిగుతున్నట్టు కనిపించింది. ఒక్కటీ ఆగడం లేదు.

పెన్ను పారేసి ఎగువకు పరుగెత్తాడు. వెనక బసప్ప, సైకిలు తోసుకుంటూ జమేదారు.

అతను మిల్లు చేరేసరికి కూత మోగుతోంది. సైకిళ్లన్నీ వరసగా తళతళలాడుతున్నాయి. ముందున్న గిడ్డయ్య అప్పుడే పెడలు మీద కాలు వేశాడు. పీరా సాబ్ ఆ హ్యాండిలును రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఎక్కొద్దు! ఎవురూ ఎక్కొద్దన్నా!"

"ఏం సాయిబూ, పట్టపగలే సైకిళ్లు ఎత్తుకపోను వచ్చినావా?" గిడ్డయ్య నవ్వాడు. అందరూ నవ్వారు.

బసప్ప రొప్పుతూ వచ్చి చొక్కా పట్టుకున్నాడు. "నోర్ముయ్. నీ షాపు ఉండేది మిల్లు జాగాలో. మర్సిపోయినావా?"

పీరా సాబ్ ఆ చెయ్యి విడిపించుకున్నాడు. జమేదారు వైపు తిరిగాడు.

"రాసుకో సార్. శేషప్ప తాగలేదు. పూజకు మిల్లు సేటు వస్తాడు, సైకిళ్లు మెరవాలని ఈ మేస్త్రీ పత్తిగింజల నూనె డబ్బా ఇచ్చినాడు. సైకిలుకు పావలా ఇస్తానన్నాడు. రిమ్ముకు పూస్తే బ్రేకు పట్టదని నాకు ముప్పై ఏండ్ల నుంచి తెలుసు. తెలిసే అన్నిటికీ పూసినాను. పూజైనాక తుడుద్దాంలే అనుకొని, పెట్టిన లడ్డు తిని, షాపుకు పోయినాను. లారీ కాదు సార్ వాన్ని సంపింది. నేను. ఈ చేత్తోనే."